దగ్గుని దగ్గు అనే రాయడం

మెడికల్ కోడింగ్ అనగానే మనవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది ఒక ఉద్యోగం. డిగ్రీ అయ్యాక కొన్ని నెలలు కోర్సు చేసి, పరీక్ష పాసై, అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి వాటికి కోడ్లు వేసే పని. మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఆ పనే చేస్తుంది. నేను అలాంటి చార్టులకే ఈ కొసన, అమెరికాలో, ఉన్నాను. పదేళ్ళకు పైగా వార్డులో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేసి, ఇప్పుడు నర్స్ ప్రాక్టీషనర్ చదువుతున్నాను. అంటే రోగిని పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, మందు రాసే నర్సు.

ఈ చదువులో క్లినికల్స్ అని ఉంటాయి. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 750 గంటలు నేరుగా రోగుల్ని చూడాలి. అంతకుముందు 500 సరిపోయేది. ఊరికే చూస్తే చాలదు, చూసిన ప్రతి రోగినీ కాలేజీ వాళ్ళ ఆన్‌లైన్ లాగ్‌లో ఎక్కించాలి. వయసు, ఎందుకొచ్చారు, ఏ జబ్బు (ఐసీడీ-10 కోడ్), ఏ సేవ (సీపీటీ కోడ్), అందులో నా పాత్ర ఎంత, ఎన్ని నిమిషాలు. రాత్రి పదకొండింటికి వంటగది బల్ల దగ్గర కూర్చుని, పగలు చూసిన పన్నెండు మందిని ఒక్కొక్కరినే గుర్తుచేసుకుంటూ డ్రాప్‌డౌన్‌లో వెతుకుతుంటాం. మూడో రోగి దాకా శ్రద్ధ ఉంటుంది. తొమ్మిదో రోగి దగ్గరికొచ్చేసరికి లిస్టులో పైన ఏది కనిపిస్తే దాన్నే నొక్కేస్తాం. నేనూ నొక్కాను.

ఈ లాగ్ మాకు కోడింగ్ నేర్పుతోందని కాలేజీలు అనుకుంటాయి. నా అనుభవంలో అది నేర్పింది తొందరపడి పేరు పెట్టడం. ఎలా నేర్పిందో చెప్తాను.

ఒకాయన వచ్చారు. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. అరవై దాటిన మనిషి, దశాబ్దాలుగా సిగరెట్లు, నాలుగు నెలలుగా తగ్గని దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. గదిలోకి ముందు నేను వెళ్ళాను. ఐదు నిమిషాల్లో నా మనసులో నిర్ణయం అయిపోయింది. సిగరెట్లు, దగ్గు, ఆయాసం ఉంటే ఇంకేముంది, సీఓపీడీయే, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘవ్యాధే. నోట్‌లో అదే రాసి జే44.9 కోడ్ పెట్టాను. స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పరీక్ష) చేయించాలని కూడా రాశాను, అయితే దానికి మూడు వారాల తర్వాత గానీ అపాయింట్‌మెంట్ దొరకలేదు. మా ప్రిసెప్టర్ (క్లినిక్‌లో పక్కనుండి నేర్పే ఆవిడ) కోసం మరో ఇద్దరు రోగులు గదుల్లో ఎదురుచూస్తున్నారు. ఆవిడ వెళ్ళి ఆయన్ని చూసి, నోట్ చదివి, నేను రాసిన ఇన్‌హేలర్ డోసు సరిచేసి సంతకం పెట్టేశారు.

మూడు వారాలయ్యాక స్పైరోమెట్రీ జరిగింది. ఊపిరి గొట్టాలు తెరిచే మందు పీల్పించాక, గట్టిగా ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది అని రెండూ కొలుస్తారు. ఆ నిష్పత్తి 0.70 కంటే తక్కువ ఉంటేనే సీఓపీడీ అంటారు. ఆయనది శుభ్రంగా దానికి పైన ఉంది.

మరి దగ్గు? ఐదు నెలల క్రితం ఆయనకి బీపీకి లిసినోప్రిల్ మొదలుపెట్టారు. ఆ జాతి మందులు కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయని నర్సింగ్ చదువులో తొలిరోజుల్లోనే చెప్తారు. వార్డులో నేనే ఎందరికో చెప్పాను, “ఈ మాత్ర వేసుకున్నాక దగ్గొస్తే డాక్టరుగారికి చెప్పండి” అని. మందుల లిస్టు ఆ రోజు నా కళ్ళెదురుగానే ఉంది, కానీ నేను చదవలేదు. జే44.9 అని టైప్ చేశాక చదవాల్సిన అవసరం కనిపించలేదు. మందు మార్చాక నెల తిరక్కుండానే దగ్గు తగ్గింది. ఆయాసం సంగతి వేరు, దానికి గుండె పరీక్షలు మొదలయ్యాయి. నా కోడ్ వల్ల అవి మూడు వారాలు ఆలస్యమయ్యాయి.

అప్పటికే ఆయన క్లినిక్‌కి ఫోన్ చేసి ఉన్నారు. అమెరికాలో 2021 ఏప్రిల్ 5 నుంచి రోగి తన నోట్‌ను పోర్టల్‌లో ఆలస్యం లేకుండా చూసుకోవచ్చు, దాన్ని అడ్డుకోవడం చట్టానికి విరుద్ధం. ఆయన చూసుకున్నారు. “నాకీ జబ్బుందని నాతో ఎవరూ అనలేదే?” అని అడిగారు. అదే నెలలో లైఫ్ ఇన్సూరెన్స్‌కి దరఖాస్తు పెట్టారట. నోట్‌కి అడెండమ్ రాశాం, ప్రాబ్లమ్ లిస్టులోంచి ఆ పేరు తీశాం, క్లెయిమ్ సరిచేసి మళ్ళీ పంపారు. అయినా సంతకమైన చార్టులో ఏదీ చెరిగిపోదు. పాత నోట్ పాత నోట్‌గానే ఉంటుంది, దిద్దుబాటు దాని కింద చేరుతుంది, అంతే.

మొదటి రోజు నేను ఏం రాసి ఉండాలి? దీర్ఘకాలపు దగ్గు, ఆర్05.3. ఆయాసం, ఆర్06.02. సిగరెట్ల మీద ఆధారపడటం, ఎఫ్17.210. ఇందులో గొప్పేమీ లేదు, ఆయన గదిలోకొచ్చి నోటితో చెప్పిందే కోడ్ రూపంలో. అవుట్‌పేషెంట్ నియమం కూడా ఇదే చెప్తుంది. “అనుమానం”, “కావచ్చు”, “కాదని తేల్చాలి” అన్న స్థితిలో ఉన్న జబ్బుకి కోడ్ వేయకూడదు, తెలిసినంత వరకే, అంటే లక్షణానికే వేయాలి. ఆసుపత్రిలో అడ్మిటైన వాళ్ళ విషయంలో నియమం తిరగబడుతుంది. అక్కడ డిశ్చార్జి నాటికి కూడా అనుమానంగానే మిగిలిన జబ్బుని ఉన్నట్టే లెక్కేసి కోడ్ చేస్తారు. పదేళ్ళు వార్డులో ఉండి డిశ్చార్జి సమ్మరీలు చదివిన నాలాంటి వాళ్ళం క్లినిక్‌కి వచ్చి తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. ఈ తేడా గురించి మా క్లాసులో ఒక స్లైడ్ ఉండేదట. నాకు గుర్తు లేదు.

ఇంకో సంగతి. మా లాగ్ ఎక్కించిన ఏడు రోజులకి తాళం పడిపోతుంది, తర్వాత మార్చలేం. క్లినిక్ చార్టులో దిద్దుబాటు జరిగింది గానీ, నా కాలేజీ లాగ్‌లో ఆయనకి ఇప్పటికీ సీఓపీడీయే. సెమిస్టర్ చివర రిపోర్టులో “ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి చూశారు” అన్న గడిలో నాకు టిక్ కూడా పడింది. లేని జబ్బుని చూసినందుకు మార్కు! ఎవరూ అడగలేదు. అడగడానికి వాళ్ళ దగ్గర ఏముంది గనక? ప్రైవసీ కారణంగా లాగ్‌లోకి కథ వెళ్ళదు, వయసు, కోడ్, నిమిషాలు లాంటివే వెళ్తాయి. అవి చూసి నా తప్పుని పట్టుకోవడం ఏ ప్రొఫెసరుకీ సాధ్యం కాదు.

ఎందుకంత తొందరపడ్డానా అని చాలా రోజులు ఆలోచించాను. లాగ్ మీదే పూర్తిగా నెట్టేస్తే అబద్ధమవుతుంది. నర్సుగా ఇన్నేళ్ళు మేం జబ్బు పేరు చెప్పకూడదు. కాలు వాచి, ఎర్రబడి, పట్టుకుంటే వేడిగా ఉన్నా, “కుడి పిక్క వాపు, ఎరుపు, తాకితే వేడి, డాక్టరుకి తెలియజేశాను” అని రాయాలి. రక్తం గడ్డ అని మనసులో తెలుసు, కలం మీదికి రాకూడదు. అలా ఏళ్ళ తరబడి నోరు కట్టేసుకున్న మనిషికి, ఇక నువ్వే పేరు పెట్టొచ్చు అని ఒక గడి ఇస్తే ఎలా ఉంటుంది? ఆకలి మీదున్నవాడికి విస్తరేసినట్టే. నాతో చదివే మరో ఇద్దరు సీనియర్ నర్సులూ ఇదే మాట అన్నారు. చూసింది చూసినట్టు రాయడం అనే మా పాత అలవాటు, చేతికి అధికారం రాగానే పాతబట్టలా విడిచేశాం. నిజానికి లక్షణానికి లక్షణమనే కోడ్ వేయాలన్న నియమం నర్సుకి పుట్టుకతో వచ్చిన భాష. మాకు దాన్ని ఎవరూ అలా పరిచయం చేయలేదు.

ఇదంతా మా చెల్లికి, అంటే కోడింగ్ చేసే ఆ పిన్ని కూతురికి, చెప్తే నవ్వింది. తర్వాత తన గోడు మొదలుపెట్టింది.

“అక్కా, మాకు రోజూ వచ్చేది ఏంటో తెలుసా? డయాబెటిస్, అన్‌కంట్రోల్డ్. అంతే. దాన్నేం చేయమంటావు?”

“షుగర్ ఎక్కువుందని వేసెయ్యొచ్చు కదా?”

“ఎక్కువో తక్కువో నువ్వు రాశావా? పుస్తకంలో అన్‌కంట్రోల్డ్ దగ్గర రెండు దారులున్నాయి. పెరిగితే ఈ11.65, పడిపోతే ఈ11.649. ల్యాబ్ రిపోర్టులో 310 అని నా కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది. అయినా నేను వేయకూడదు. మీరు రాయనిది మేము ఊహించకూడదు. క్వెరీ పంపాలి. మీవాళ్ళు నాలుగు రోజులకి జవాబిస్తారు, ఇస్తే.”

ఆ రోజు ఇంకా చాలా చెప్పింది. డయాబెటిస్, కిడ్నీ జబ్బు రెండూ ఒకే నోట్‌లో ఉంటే, వాటికి సంబంధం లేదని మనం రాస్తే తప్ప, సంబంధం ఉన్నట్టే లెక్కేసి ఈ11.22 వేస్తారు. బీపీ, కిడ్నీ జబ్బు కలిసినా అంతే, మామూలు బీపీ కోడ్ ఐ10 కాకుండా ఐ12 వరుసలోకి పోతుంది. కిడ్నీ జబ్బు “స్టేజ్ 3” అని వదిలేస్తే ఎన్18.30, అంటే వివరం తెలియదని అర్థం. జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 45 నుంచి 59 మధ్య ఉంటే 3ఏ, 30 నుంచి 44 మధ్య ఉంటే 3బీ అని ఒక్క అక్షరం కలిపితే కోడ్ ఎన్18.31గానో ఎన్18.32గానో మారుతుంది. ఆ ఒక్క అక్షరం తర్వాత చూసేవాళ్ళకి ఎంత పనికొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ డోసు ఎంత, నొప్పి మాత్ర ఇవ్వొచ్చా లేదా, కిడ్నీ స్పెషలిస్టు దగ్గరికి ఎప్పుడు పంపాలి, అన్నీ దాని మీదే ఉంటాయి.

అంతవరకు కోడింగ్ అంటే నా నోట్‌ని ఎవరో డబ్బులోకి మార్చడం అనుకున్నాను. చెల్లి మాటలు విన్నాక, నా నోట్‌ని మొదటిసారి నిజంగా చదివే మనిషి కోడరే అనిపించింది. రోగి ముఖం చూడకుండా, నా మీద అభిమానం లేకుండా, ఉన్న అక్షరాల్ని మాత్రమే చదివే మనిషి. ఆ పిల్లకి కోడ్ దొరకలేదంటే చాలాసార్లు లోపం నా ఆలోచనలోనే ఉంటుంది.

సీపీటీ (సేవకి వేసే కోడ్) సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో నా తప్పు ఇంకాస్త హాస్యాస్పదం. పాత రోగి క్లినిక్ విజిట్‌కి 99211 నుంచి 99215 దాకా మెట్లుంటాయి. మొదటి సెమిస్టరంతా లాగ్‌లో అందరికీ 99213 వేశాను. మధ్యలో ఉంది కదా, ఎవరూ ఏమీ అనరని. ఒకరోజు ప్రిసెప్టర్ నా లాగ్ చూసి ఒక రోగి దగ్గర ఆగారు. షుగరు, బీపీ రెండూ నిలకడగా ఉన్నాయి, రెండింటికీ మందులు చూసి కొనసాగించాం.

“దీన్ని 99213 ఎందుకన్నావు?”

“ఎక్కువ వేస్తే తప్పేమోనని.”

“నిలకడగా ఉన్న దీర్ఘవ్యాధులు రెండు, ప్రిస్క్రిప్షన్ మందుల నిర్ణయం. అది 99214. తక్కువ వేయడం వినయం కాదు, అదీ తప్పు నోటే.”

2021 నుంచి ఈ మెట్టుని నిర్ణయించేది రెండే. ఒకటి, ఆ రోజు తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టం అన్నది. సమస్యలు, చూసిన సమాచారం, ప్రమాదం అనే మూడింటిలో రెండు కుదరాలి. లేదా మొత్తం సమయం, 99213కి 20 నిమిషాలు, 99214కి 30. ఈ సమయంలో విద్యార్థి గడిపిన నిమిషాలు లెక్కలోకి రావు. నేను రోగితో నలభై నిమిషాలు కూర్చున్నా బిల్లుకి అది సున్నా. అంతకుముందు 1995, 1997 నాటి మార్గదర్శకాలుండేవి. ఎన్ని ప్రశ్నలడిగారు, ఎన్ని అవయవాలు పరీక్షించారు అని లెక్కపెట్టేవారు. అందుకే జలుబుతో వచ్చిన మనిషి నోట్‌లో కూడా పాదాల నాడి దాకా అన్నీ “నార్మల్” అని టెంప్లేట్ నింపేసేది. లెక్కపెట్టే పద్ధతి పోయి ఏళ్ళయింది, ఆ టెంప్లేట్లు మాత్రం అలాగే ఉన్నాయి. వినని గుండెని విన్నట్టు రాసే ఆ బటన్‌ని విద్యార్థికి అసలు చూపించకూడదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక పాత నియమం గురించి చెప్పాలి, లేకపోతే ప్రిసెప్టర్ల మీద అన్యాయంగా మాట్లాడినట్టవుతుంది. విద్యార్థి రాసిన నోట్‌ని మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) చాలాకాలం నమ్మలేదు, చాలామటుకు ప్రిసెప్టర్ మళ్ళీ మొదటినుంచి రాసుకోవాల్సి వచ్చేది. 2018లో వైద్యవిద్యార్థులకి సడలింపు వచ్చింది. వాళ్ళు రాసింది బోధించే డాక్టరు సరిచూసి సంతకం పెడితే చాలన్నారు. మమ్మల్ని అందులో కలపలేదు. 2020 జనవరి 1 నుంచి నర్స్ ప్రాక్టీషనర్ విద్యార్థులకీ, వాళ్ళకి నేర్పే నర్స్ ప్రాక్టీషనర్లకీ కూడా వర్తింపజేశారు. అయినా నాతో చదివేవాళ్ళలో కొందర్ని క్లినిక్‌లో చార్టు చూడనిస్తారు గానీ రాయనివ్వరు. వాళ్ళకి కోడింగ్ అంటే రాత్రిపూట డ్రాప్‌డౌన్ ఒక్కటే. నోట్ రాయకుండా కోడ్ ఎంచుకోవడం, వంట చేయకుండా రుచి చెప్పడం లాంటిది.

ఇదంతా నర్సింగా? మా బ్యాచ్‌లోనే గట్టిగా అనేవాళ్ళున్నారు. మేం వచ్చింది రోగుల్ని చూసుకోవడానికి, బిల్లులు వేయడానికి కాదని. ఆ కోపంలో కొంత న్యాయం ఉంది. జబ్బు లేనివాళ్ళకి జబ్బులు అంటగట్టి డబ్బు లాగారని సంస్థల మీద కోర్టు కేసులు నడిచిన దేశం ఇది. కోడింగ్ నేర్పడమంటే ఆ విద్యే నేర్పడమనే భయం పుట్టడంలో తప్పులేదు. కానీ జబ్బుల్ని అందరూ ఒకే పద్ధతిలో రాయాలని మొట్టమొదట పట్టుబట్టినవాళ్ళలో ఒకరు నర్సే. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక సభకి ఫ్లారెన్స్ నైటింగేల్ ఆసుపత్రులన్నిటికీ ఒకే రకమైన ఫారాలు ప్రతిపాదించింది. ఏ ఆసుపత్రిలో ఎవరు దేనితో చనిపోతున్నారో పోల్చి చూడటం లేకుండా మంచి చెడు ఎలా తెలుస్తుందన్నది ఆవిడ ప్రశ్న. ఇప్పటి ఐసీడీకి మూలమైన, ఫ్రెంచ్ గణాంకవేత్త బెర్టియోన్ తయారుచేసిన మరణకారణాల జాబితా వచ్చింది 1893లో, ఆవిడ ఫారాల తర్వాత ముప్ఫై మూడేళ్ళకి. బిల్లుల గొడవ ఆ తర్వాత ఎప్పుడో వచ్చి దాన్ని పట్టుకుంది. పైగా రేపు మేం లైసెన్సు తెచ్చుకున్నాక మెడికేర్ మాకిచ్చేది డాక్టరుకిచ్చే రేటులో 85 శాతం. మా పనిని మేమే తక్కువగా రాసుకుంటే ఆ కోత మీద ఇంకో కోత.

నాకు అధికారం ఉంటే లాగ్‌ని తీసేయను. గంటలు లెక్కపెట్టాలి, ఏ వయసు వాళ్ళని చూశామో తెలియాలి, దానికి రెండు గడులు చాలు. కోడ్ల గడి మాత్రం రోజుకి ఇద్దరు రోగులకే ఉంచుతాను. ఆ ఇద్దరికీ పేరు, తేదీలు, ఊరు లాంటి, అమెరికా ప్రైవసీ నియమం తీసేయమనే పద్దెనిమిది గుర్తులూ తీసేసిన నోట్ జతచేయాలి. ప్రతి కోడ్ పక్కనా, నోట్‌లో ఏ వాక్యం చూసి ఇది వేశావో చూపించాలి. వాక్యం లేకపోతే కోడ్ లేదు. ఏడు రోజులకి తాళం వేసే బదులు, మూడు వారాల తర్వాత అదే నోట్‌ని మళ్ళీ తెరిపించి, రిపోర్టులొచ్చాక ఏం మారిందో రాయించాలి. చదివేది ప్రొఫెసరే కానక్కర్లేదు, మా చెల్లిలాంటి కోడరు నెలకోసారి పది నోట్లు చదివి ఎర్ర కలంతో గీస్తే మాకు క్లాసులకంటే ఎక్కువ వస్తుంది. ప్రిసెప్టర్లకి టైమెక్కడిదని అంటారు. పన్నెండు మందివి చూసినట్టు నటించడంకంటే ఇద్దరివి చదవడానికి ఎక్కువ టైమేమీ పట్టదు.

మా కాలేజీ ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశాను. “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు” అని మెయిల్ వచ్చింది.

పోయిన వారం ఒకావిడ వచ్చింది. రెండు నెలలుగా విపరీతమైన అలసట, కాస్త బరువు పెరిగింది, చలికి తట్టుకోలేకపోతున్నానంది. నా వేళ్ళు ఈ03.9, థైరాయిడ్ తక్కువ, అని టైప్ చేయడానికి సిద్ధంగా ఉన్నాయి. ముందు మందుల లిస్టు మొత్తం చదివాను. రక్తపరీక్షలు రాశాను. ప్రిసెప్టర్ తలుపు దగ్గర నిలబడి అడిగారు.

“ఏం కోడ్?”

“ఆర్53.83. అలసట.”

“ఇంకేమైనా?”

“ఈ రోజుకి అంతే.”

ఆవిడ నోట్ చదివి, ఒక కామా సరిచేసి, సంతకం పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయారు.